బోర్లా పడితే ఊరుకోని తాత

బాలనర్సయ్య తాతకు లోకంలో ఏదీ బోర్లా ఉండకూడదు. చెప్పు బోర్లా పడితే ఇంట్లో కొట్లాట వస్తుందని చిన్నప్పుడు వాళ్లమ్మ చెప్పిందట. అప్పటినుంచి ఎవరి గుమ్మం ముందు చెప్పు తిరగబడి కనిపించినా, వంగి సరిచేసి గానీ కదలడు. పెళ్లికి పోతే బంతి భోజనం కంటే ముందు చెప్పుల కుప్ప దగ్గర తేలుతాడు. ఒకసారి ఆయన్ను ఎరగనివాళ్లు చెప్పుల దొంగ అనుకుని వెంటపడ్డారు కూడా. ఆ సంగతి తాత ముందు ఎత్తకూడదు. అందుకే ఇక్కడ ఎత్తడం.

ఈ గుణం ఆయనకు ఉద్యోగంలో కలిసొచ్చింది. భూపాలపల్లి వైపు బొగ్గు కోసం వేసిన బోర్లలోకి తీగ కట్టిన పరికరాన్ని దించేవాళ్లు. లోపలి పొరలను బట్టి పైన కాగితం మీద వంకర గీత ఒకటి పడుతూ వచ్చేది. ఆ గీతలు చూడటం తాత పని. ఎవరైనా తీగలు అటుదిటు తగిలిస్తే గీత తలకిందులయ్యేది. తాత చూడగానే పట్టేసి తిప్పేసేవాడు. ప్రతిసారీ ఆయన మాటే నిజమయ్యేది. మనిషిని చెడగొట్టడానికి ఇంతకంటే ఏం కావాలి?

రిటైరయ్యాక లింగాల ఘనపూర్ వచ్చి ఇంట్లో కూర్చున్నాడు. కూర్చున్నాడని పేరే గానీ, వంటింట్లో కడిగి బోర్లించిన గిన్నెలన్నీ వెల్లకిలా తిప్పాడు. ఒక గిన్నెలో బల్లి పడ్డాక, ఆయన భార్య వెంకటనర్సమ్మ అవ్వ కూతురికి ఫోన్ చేసింది.

"మీ బాపును తీస్కపోతవా, నన్ను పొమ్మంటవా?"

కూతురు సంధ్యత్తకు జనగామలో ఎరువుల దుకాణం మీద చిన్న ఆఫీసుంది. ఎక్కడెక్కడి బోర్లలోనో తీసిన కొలతలను కంప్యూటర్లో సరిచేసి పంపుతుంది. అక్కడే తాతకు ఒక కుర్చీ వేసింది. ఇక ఆయన ప్రాణమంతా ఆ కుర్చీ మీదే. రోజూ జేబుకు పెన్ను తగిలించుకుని బస్సెక్కుతాడు. కంప్యూటర్ పనికి పెన్నెందుకని అడిగే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

ఆ ఆఫీసుకు మొదటిసారి సముద్రం పని వచ్చింది. లోతైన సముద్రం అడుగున, బురద పొరల్లోకి ఓడ మీదినుంచి బోరు వేసి తీసిన అయస్కాంత కొలతలవి. ఇనుప గొట్టం వల్ల చెడిపోయిన కొలతలను సంధ్యత్త తీసేసింది. భూమి అయస్కాంత బలాన్ని తీసేసి, బురద సొంత బలాన్ని గీతగా మిగిల్చింది. ఓడ అలలకు ఊగడంతో లోతులు మాత్రం అటూ ఇటూ అయ్యాయి. వాటిని ఒకదానితో ఒకటి సరిపోయేలా కలిపే పని తాతకు అప్పగించి, తొర్రూరులో చుట్టాల ఫంక్షన్‌కు పోయింది.

"లోతులు కలుపు బాపు. ఇంకేం ముట్టకు."

తాత లోతులు అద్దినట్టు కలిపాడు. అక్కడితో ఆగితే ఆయన తాతెందుకవుతాడు? గీత కొంతదూరం పైకి, కొంతదూరం కిందికి ఉంది. సముద్రంలో కూడా తీగలు తగిలించడం చేతగాని వాళ్లున్నారని జాలిపడ్డాడు. కిందికున్న ముక్కలన్నీ పైకి తిప్పాడు. గీత ప్రార్థనకు నిలబడ్డ బడిపిల్లల వరుసలా తయారైంది. ఆ సాయంత్రం బస్సులో తాతకు కిటికీ సీటు కూడా దొరికింది.

మర్నాడు సంధ్యత్త తెర చూసి, నెత్తి పట్టుకుంది.

"బాపు, గీత కిందికి పోయిన జాగలేవి?"

"సరిచేసిన బిడ్డా. ఎవడో ఉల్టా తగిలిచ్చిండు."

"తీగలు కాదు బాపు, భూమే ఉల్టా అయింది. బురద పేరుకునేటప్పుడు అండ్ల ఉన్న ఇనుప రజను ఆనాటి ఉత్తరం దిక్కు తిరిగి గట్లనే ఉండిపోతది. నడుమ నడుమ భూమి అయస్కాంతంల ఉత్తరం, దక్షిణం మారినయ్. ఎక్కడ మారినయో తెలిస్తే ఆ బురద ఏ కాలందో చెప్తరు. పని ఇచ్చినోళ్లకు కావాల్సిందే గది."

తాత తెర మీదికి వంగాడు.

"మరి ఇన్నేండ్ల సంది ఎవరూ సరిచెయ్యలేదా?"

"నిన్న నువ్వు చేసినవ్ గదా."

నాన్న సంగతి తెలుసు కనుక అసలు ఫైలు ఆమె వేరే దాచింది. కానీ బాగా కలిపిన లోతులు పోగొట్టుకోవడం ఇష్టం లేదు. సాయంత్రానికి పంపాలి.

"నువ్వు తిప్పినయి నువ్వే మళ్ల తిప్పు. ఇదీ తప్పితే రేపటి సంది ఇంటికాడనే ఉండు."

కుర్చీ కోసం తాత ఒప్పుకున్నాడు. అసలు ఫైలు పక్కన పెట్టుకుని ఒక్కో ముక్కనూ తలకిందులు చేస్తుంటే, ఎవరి గుమ్మం ముందో చెప్పులు బోర్లిస్తున్నట్టే ఉందాయనకు. చివరి ముక్క దగ్గర బతిమాలాడు.

"గింత చిన్నది, ఇడిసిపెడుదామా?"

"తిప్పు బాపు."

తిప్పాడు. అది చేరగానే అవతలివాళ్లు బాగుందన్నారు, ఇంకో బోరు కొలతలు పంపుతామన్నారు. కుర్చీ నిలిచింది. బోర్లా ఉన్నదాని జోలికి పోనని కూతురికి మాటిచ్చి, తాత కొత్త జ్ఞానంతో ఇల్లు చేరాడు.

గుమ్మం ముందు అవ్వ చెప్పు బోర్లా పడుంది. తాత చెయ్యి దానంతటది ముందుకు పోయింది. భూమే తిరగబడుతుంటే చెప్పొక లెక్కా అనుకుని, దాటి లోపలికి పోయాడు.

"చూస్తనే ఉన్న," అంది అవ్వ. "ఊరందరి చెప్పులు తిప్పుతవు. నా చెప్పు కాడికొస్తే నడుము వంగదా?"

తాత ఉత్తరం, దక్షిణం చెప్పబోయాడు. అవ్వ వాళ్ల పెళ్లినాటి నుంచి ఎత్తుకుంది. పక్కింటివాళ్లు టీవీ గొంతు తగ్గించారు. చివరికి తాత లేచిపోయి, చెప్పును తిప్పిపెట్టి వచ్చాడు.

"చెప్పినంకనా తిప్పేది?" అని అవ్వ మళ్లీ మొదలుపెట్టింది.