ఇంకెన్నాళ్లు నేర్చుకోవాలండీ?

తొంభైల్లో నరసాపురంలో మా పక్కింట్లో ఒక టీచరుగారు ఉండేవారు. రోజూ పంటు మీద గోదావరి దాటి బడికి వెళ్లే ఆవిడకు నీళ్లంటే భయం. నలభై దాటాక, ఈత నేర్పమని నన్నడిగారు. మా పెరటి వెనక కాలువలో పొద్దున్నే నేర్పేదాన్ని. గట్టెక్కగానే ముఖం తుడుచుకుంటూ, "ఇంకెన్నాళ్లు నేర్చుకుంటే చాలండీ?" అనేవారు. ఆవలి గట్టు దాకా ఈదిన రోజున, "ఇక చాలు కదండీ" అని నేనంటే ఆవిడ తల అడ్డంగా ఊపారు.

ఒకనాడు ఆవిడ వెల్లకిలా తేలుతూ కళ్లు మూసుకున్నారు. నీళ్లు మెల్లగా లాక్కుపోతుంటే నేను కంగారుపడి కేకేశాను.

"నిద్రొచ్చేస్తోందండీ!" అని నవ్వారు.

మర్నాడు వాళ్ల ఆడపడుచును వెంటబెట్టుకొచ్చారు.

"ఈవిడకి నేను నేర్పుతానండీ. మీరు గట్టు మీద కూర్చోండి" అన్నారు.