ముక్కు మేస్త్రి చూసిన ట్యాంకు

ఆయన్ని అందరూ ముక్కు మేస్త్రి అనేవారు. ముక్కేమీ పొడుగైంది కాదు, మామూలు ముక్కే. కాకపోతే పెట్రోలు ఎక్కడ ఒక్క చుక్క కారినా ఆ ముక్కు పట్టేసేది. కారు ట్యాంకు లోపలి పంపు పాడైతే దాన్ని పీకేసి, ట్యాంకు పక్కన రంధ్రం చేసి, బయట వేరే పంపు బిగించడం ఆయన ప్రత్యేకత. బయటి పంపుకు తోయడం వచ్చు గానీ పీల్చడం చేతకాదు. అందుకే పెట్రోలు దానంతటదే దిగి వచ్చేలా రంధ్రం బాగా కిందుగా పెట్టాలి. ప్లాస్టిక్ ట్యాంకుకు ఏ జిగురూ అంటుకోదు. లోపలా బయటా వాషర్లు వేసి ఇత్తడి గొట్టాన్ని నట్టుతో బిగించుకోవాల్సిందే. చివర్లో ట్యాంకు నింపి, అతుకు దగ్గర ముక్కు పెట్టి, కళ్లు మూసుకుని, "తీసుకెళ్లండి" అనేవాడు. ఆ ఒక్క మాట కోసం జనం షెడ్డు ముందు పడిగాపులు కాసేవారు.

అలాంటి ముక్కును ఒక పాడు జ్వరం మింగేసింది. జ్వరం తగ్గింది, వాసన మాత్రం తిరిగి రాలేదు. ఇంట్లో కూర మాడినా తెలియదు, పెట్రోలు డబ్బాలో తల దూర్చినా తెలియదు. చెబితే పరువు పోతుందని కట్టుకున్న భార్యకు కూడా చెప్పలేదు. షెడ్డులో నాటకం మాత్రం ఆగలేదు. అదే వంగడం, అదే కళ్లు మూయడం, అదే "తీసుకెళ్లండి". ఒక్క కారూ వెనక్కి రాలేదు. దాంతో ముక్కు పోయినా చేతికి తెలిసిపోతోందని తనకు తానే కితాబిచ్చుకున్నాడు. అంత పొగరు ఎవరికీ ఉండకూడదు.

ఇంతలో కూతురి కారు పంపు పాడైంది. ఆమె రోజూ కొడుకుని బడికి దింపేది ఆ కారులోనే. "నేనుండగా ఇంకొకరి దగ్గరికి ఎందుకమ్మా?" అని కారు తెప్పించుకున్నాడు. ట్యాంకు దింపి కడిగాడు, లోపల పెట్రోలు ఆవిరి మిగిలి అంటుకోకుండా నీళ్లు నింపి మరీ రంధ్రం చేశాడు. అన్నీ పద్ధతిగానే. వాషరు కూర్చునే చోట మాత్రం ప్లాస్టిక్ కాస్త ఉబ్బెత్తుగా ఉంది. గీకి చదును చేయాలి. గట్టిగా బిగిస్తే అదే సర్దుకుంటుందిలే అనుకున్నాడు. ముక్కు పెట్టాడు, కళ్లు మూశాడు.

"తీసుకెళ్లమ్మా."

మర్నాడే కూతురు పిల్లాణ్ణి ఎత్తుకుని షెడ్డులోకి వచ్చింది. పిల్లాడి ముఖం పాలిపోయింది, చొక్కా నిండా వాంతి.

"నాన్నా, కారంతా పెట్రోలు కంపు!"

మేస్త్రి కారు కిందికి వంగి, లేచాడు. "ఏమీ లేదే! నీదంతా భ్రమ."

"ఇక్కడ నిలబడలేక చస్తున్నాం, నీకు రావట్లేదా?"

ఆయన మళ్లీ వంగి గట్టిగా గాలి పీల్చాడు. షెడ్డులో తనతో పాటే పనిచేసే బావమరిది అది చూసి, మాట్లాడకుండా కారు కిందికి దూరాడు. బయటికి వచ్చిన చెయ్యి పెట్రోలుతో తడిసి ఉంది.

"బావా, ఇది నేను చూడలేదు."

"నువ్వెందుకు చూడాలి?"

"అన్నీ నేనే కదా చూస్తున్నా! బండి అప్పగించే ముందు నీకు తెలియకుండా ప్రతి అతుక్కీ పొడి కాగితం చుట్టి, తడి కనిపిస్తే విప్పి మళ్లీ బిగిస్తున్నా. నీకు వాసన పోయిందని ఎప్పుడో కనిపెట్టా. సొంత కూతురి కారు కదా, దీనికైనా నోరు విప్పి 'ఓసారి చూడరా' అంటావనుకున్నా."

మేస్త్రికి ముఖాన పేడనీళ్లు కొట్టినట్టయింది. బావమరిది మీద ఒళ్లు మండిపోయింది.

కూతురు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఈయనకి వాసన రాదని నీకు తెలుసు, మావయ్యా. నీకూ తెలుసు, నాన్నా. తెలిసీ నా కొడుకుని ఇందులో ఎక్కనిచ్చారా ఇద్దరూ?"

మేస్త్రి మనవడి మూతి తుడవబోయాడు. ఆమె పిల్లాణ్ణి రెండో భుజం మీదికి మార్చుకుని, కారు తాళం బల్ల మీద పడేసి, నడుచుకుంటూ వెళ్లిపోయింది.