బెంచ్ సీటులో కుడి సగం

2023లో దీపావళి సెలవులు ముగిసి, లాభ పంచమికి సూరత్‌లో దుకాణాలన్నీ మళ్లీ తెరుచుకున్న వారం అది. ఉధనాలో నా షాపు షట్టరు ఎత్తానో లేదో ఫోన్ వచ్చింది. ఆల్థాన్‌లో ఒక పెద్దాయన ఇంటి దగ్గరే పాత అంబాసిడర్‌ను బాగుచేసుకుంటున్నారని, ఇక సీట్లే మిగిలాయని కబురు. కార్లకు సీట్లు కట్టడం నా పని. మా నాన్న తెలుగు నేల నుంచి వలస వచ్చి ఇక్కడ ముప్పై ఏళ్లు పవర్‌లూమ్ మీద గుడ్డ నేశాడు. నాకు ఆ చప్పుడు పడక, నేసిన గుడ్డను కోసి కుట్టే పనిలోకి వచ్చాను. ఇంట్లో ఇప్పటికీ నన్ను 'కోసేటోడు' అనే ఆటపట్టిస్తారు.

ఆయన పేరు శ్రీనివాసరావు. గుంటూరు వైపు మనిషి. హజీరాలో ఒక కర్మాగారంలో మెయింటెనెన్స్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఇంటి ముందు పార్కింగ్‌లో రెండేళ్లుగా ఆ కారును విప్పుతూ, తుడుస్తూ, బిగిస్తూ ఉన్నారు. విప్పిన ప్రతి నట్టుకూ ఒక ప్లాస్టిక్ డబ్బా, దాని మీద చీటీ. నేను వెళ్లగానే నా చేతిలో ఒక డ్రాయింగ్ పెట్టారు. పాత సీటును తానే కొలిచి గీసుకున్నారట.

"చూడు శంకర్, కారు కొత్తగా వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండాలి. అర అంగుళం తేడా వచ్చినా నేనొప్పుకోను."

ఆ కాలపు కారులో ముందు రెండు సీట్లుండవు. నడిపేవారికీ పక్కనున్నవారికీ కలిపి ఒకటే బెంచ్ సీటు. గేరు స్టీరింగ్ పక్కనే ఉంటుంది కాబట్టి మధ్యలో అడ్డేమీ ఉండదు. ముందుకు జరపాలంటే బెంచ్ మొత్తం జరగాల్సిందే.

టీ తెచ్చిన లలితగారు, ఆయన భార్య, తన సంగతి చెప్పారు. యాభై ఆరేళ్ల వయసులో డ్రైవింగ్ స్కూలుకు వెళ్లి లైసెన్సు తెచ్చుకున్నారు. "కిమ్ ఊళ్లో మా చెల్లెలుంది శంకర్. ఇన్నేళ్లూ ఈయనకి సెలవు దొరికితేనే నాకు ప్రయాణం. ఇంక నేనే నడుపుకుంటూ వెళ్తాను." సార్ నవ్వి, "ఆవిడ కోసమేగా ఈ పాట్లన్నీ," అన్నారు. నేనూ నవ్వి డ్రాయింగ్ మడిచి జేబులో పెట్టుకున్నాను.

పది రోజుల్లో సీటు తయారైంది. పాత స్ప్రింగులనే సరిచేసి, పైన కొబ్బరి పీచు పరుపు, దాని మీద ఫోమ్, ఆపైన ముదురు ఎరుపు రెక్సిన్. అంచుల వెంట తాడులా ఉబ్బెత్తుగా కనిపించే కుట్టును మేము పైపింగ్ అంటాం. దాన్ని ఎక్కడా వంకర పోనివ్వలేదు. సార్ స్టీలు టేపుతో నాలుగు వైపులా కొలిచి, "శభాష్!" అన్నారు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

లలితగారు కొంగు బిగించి స్టీరింగ్ ముందు కూర్చున్నారు. ఆవిడకు స్టీరింగ్ తప్ప రోడ్డు కనబడలేదు. క్లచ్‌కు కాలి బొటనవేలు అందీ అందకుండా ఉంది.

"జర ముందుకు జరుపుదాం మేడం," అని బెంచ్‌ను తోశాను. పక్కన కూర్చున్న సార్ ఆరడుగుల మనిషి. ఆయన మోకాళ్లు డాష్‌బోర్డుకు గుద్దుకుని, "ఆగు, ఆగు!" అని కేకేశారు. మళ్లీ వెనక్కి లాగాను.

"దిండు వేసుకుంటానులే," అన్నారు లలితగారు.

"వద్దు మేడం. బ్రేక్ గట్టిగ కొడితే దిండు జారుతది. దాంతోని మీరు గూడ జారుతరు. కాలు బ్రేక్ మీదికెల్లి పోతది."

ఆవిడ కిందికి దిగారు. "పోనీలెండి. మీరే నడపండి. పక్కన కూర్చోవడం నాకు అలవాటేగా." మామూలుగానే అన్నారు. సార్ ఆ మాట విన్నారో లేదో, పైపింగ్ మీద వేలు పెట్టి మురిసిపోతున్నారు. నాకు మాత్రం నా మీదే ఒళ్లు మండింది. సీటును మూడుసార్లు కొలిచాను. అందులో కూర్చోవలసిన మనిషిని ఒక్కసారి కూడా కొలవలేదు.

మర్నాడు పొద్దున్నే మళ్లీ వెళ్లాను. "సార్, మేడం దిక్కు సగం మళ్ల కడ్త."

"బెంచ్ కొయ్యడానికి వీల్లేదు!"

"కొయ్య సార్. ఫ్రేమ్ అట్లనే ఉంటది. కుడి సగంల గట్టి ఫోమ్ ఏసి ఎత్తు పెంచుత, ఈపు దిక్కు గూడ మందం చేస్త. గప్పుడు మేడం ముందుకొస్తరు, మీ సైడ్ మారది. కాని ఒక్కటి. గిట్ల చేస్తే మీ మోకాళ్లు స్టీరింగ్‌కు తాకుతయ్. ఈ బండి మీరు నడపలేరు."

ఆయన రెండేళ్లు ఎండనక వాననక ఆ కారుతోనే గడిపిన మనిషి. తాళం తిప్పి మొదటిసారి రోడ్డెక్కేది తనేనని ఎన్నిసార్లు అనుకుని ఉంటారో! నడపలేరని అనాల్సి వచ్చినందుకు నాకు బాధ కలిగింది. ఆయన వెళ్లి డ్రైవరు వైపు కూర్చున్నారు. రెండు చేతులూ స్టీరింగ్ మీద వేసి చాలాసేపు ముందుకు చూశారు.

"తర్వాత కావాలంటే మళ్లీ మార్చొచ్చా?" అని అడిగారు.

"మార్చొచ్చు సార్. కాని మేడం మళ్ల దిగాలె."

ఆయన కారు దిగి ఇంట్లోకి కేకేశారు. "లలితా, ఒకసారి రా. నీ కొలతలు కావాలట."

టేపు ఆయన చేతికే ఇచ్చాను. ఆయన కొలిచి చెబుతుంటే నేను రాసుకున్నాను. మోకాలి నుంచి మడమ వరకు, కూర్చుంటే కంటి ఎత్తు, చేయి చాపు. చివరికి నిలబెట్టి కొలిచి ఆయన తెల్లబోయారు. "నాలుగడుగుల తొమ్మిదంగుళాలా! ఐదడుగులు అన్నారు కదే!"

"పెళ్లిచూపులప్పుడు మా అమ్మ చెప్పింది. మీరు టేపు తెచ్చుకోలేదుగా!" అన్నారు లలితగారు. ముగ్గురం పడీపడీ నవ్వాం.

నాలుగు రోజులు ఆ పార్కింగ్‌లోనే కూర్చుని కట్టాను. రెండు సగాల మధ్య ఎత్తు తేడా ఉంటుంది కాబట్టి రెక్సిన్ మీది గీతల కుట్టు రెండు వైపులా కలవడానికి మూడుసార్లు విప్పి కుట్టాను. ఆ లోపు సార్ ఊరికే కూర్చోలేదు. ఆవిడ కాళ్లకు అందేలా క్లచ్, బ్రేక్ పెడళ్ల మీద బిగించడానికి ఇనుప దిమ్మలు తానే గీసి, కోసి, నున్నగా రాకి తెచ్చారు. ఎవరూ అడగలేదు.

ఆ ఆదివారం పొద్దున లలితగారు స్టీరింగ్ ముందు, సార్ పక్కన, నేను వెనక. గేటు దగ్గర బండి రెండుసార్లు ఆగిపోయింది. సార్ నోరు తెరవబోతే ఆవిడ, "మీరు ఊరుకోండి," అన్నారు. మూడోసారి బండి కదిలింది. డుమస్ రోడ్డు మీదికి వచ్చాక చూస్తే, సార్ కుడికాలు తన వైపు లేని బ్రేకును తొక్కుతూనే ఉంది.

"మీ సైడ్ సీటు మంచిగున్నదా సార్?" అని అడిగాను.

"నన్నడుగుతావేంటి? బండి ఆవిడది," అన్నారాయన.

అద్దంలో లలితగారి మొహం చూశాను. నా పనికి నేను అంతగా సంతోషపడిన రోజు మరొకటి లేదు.

ఇప్పుడు ఏ కారు వచ్చినా సీటు విప్పే ముందు ఎవరు నడుపుతారని అడుగుతాను. చాలామంది మగవాళ్లు వెంటనే "నేనే" అంటారు. నేను సరేనని టేపు తీస్తాను. తర్వాత, వెనక డోరు దగ్గర నిలబడి ఉన్న ఆవిడను కూడా ఒకసారి ముందుకు వచ్చి స్టీరింగ్ దగ్గర కూర్చోమంటాను.