ఎంజైమ్ వేయని ట్యూబు

సార్ పోయారని ఆయన కూతురు ఫోన్ చేసినప్పుడు నేను కాలేజీ ల్యాబులో ట్యూబులు కడుగుతున్నాను. నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట: "మరి నా ప్రాజెక్టు ఎట్ల అక్కా?"

"తెల్వది చెల్లె" అని మెల్లగా ఫోన్ పెట్టేసింది. నేనన్న ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ తల ఎత్తలేను.

పశువుల దాణాలో పోషకాలు కొలవడం మాకు నేర్పింది సారే. హసన్‌పర్తి రైతులు తెచ్చిన మక్కజొన్నలైనా, తవుడైనా మెత్తగా నూరి, నీళ్లలో ఉడికించి ఎంజైమ్ వేస్తే అందులోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. ఇంకో ద్రావణం పోస్తే గులాబీ రంగు తేలుతుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే పిండి అంత ఎక్కువ. ఆ రంగు చూసి నేను మురిసిపోయేదాన్ని. సార్ జేబులోని మక్కగింజ ఒకటి నోట్లో వేసుకుని అడిగేవారు.

"సంబరం తర్వాత బిడ్డా. ఎంజైమ్ వెయ్యని ట్యూబేది?"

ప్రతి శాంపిలుకూ అలాంటిదొకటి పక్కన పెట్టించేవారు. బెల్లం మడ్డి కలిపిన దాణాలో తీపి ముందే ఉంటుంది. ఆ ట్యూబులో వచ్చిన రంగును మొత్తంలోంచి తీసేయకపోతే ఆ తీపి కూడా పిండి లెక్కలో పడుతుంది.

"ఊకె ఇంకో ట్యూబు దండుగ కదా సార్?"

"బర్రె నీ రిపోర్టు చదువది బిడ్డా, దాణ తింటది. ముందుగాల ఉన్నది తీసెయ్యి. మిగిలిందే నిజం."

సార్ అంత్యక్రియల రోజు సమాధుల తోటలో వెక్కివెక్కి ఏడ్చాను. అక్క వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. క్షమించమని నేను అడగబోతుంటే ఆపింది. "డాడీ ఉంటే నవ్వుతుండె. నా స్టూడెంటు పని మర్వలే అంటుండె."

తిట్టినా బాగుండేది. ఆ ఏడుపులో సార్ కోసం ఎంత, నా ప్రాజెక్టు కోసం ఎంత?

ఇది రాయడానికి కూర్చుని మొదట ‘శోకసంద్రం’ అని రాశాను. ఈ మధ్యే మాటల మీద మోజు పుట్టింది నాకు. ఆ మాట బాగుంది, కానీ అది సార్ పోకముందు నుంచే నా దగ్గర ఉంది. కొట్టేశాను.

మొన్న సార్ లేకుండా మొదటిసారి పరీక్ష చేశాను. మడ్డి కలిపిన దాణా. అడిగేవాళ్లు లేకున్నా ఎంజైమ్ వేయని ట్యూబు పెట్టాను. మిగతావన్నీ చిక్కగా గులాబీకి తిరిగాయి. దాన్నొక్కదాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురుకు ఎత్తి చూశాను.

అందులోనూ రంగు ఉంది. లేతగా, అడుగు నుంచి అంచు దాకా.