గ్రేసమ్మ చిరునామా లైవ్‌లో వెళ్లింది

తస్లీమ్ పదకొండేళ్లుగా నరసరావుపేటలో ఒక లోకల్ కేబుల్ చానల్లో వార్తలు చదువుతోంది. తెర మీద మాత్రం ఆమె పేరు తులసి. చేరిన రోజే యజమాని కోటేశ్వరరావు తేల్చేశాడు.

"తస్లీమ్ అంటే మనోళ్లు చానల్ మారుస్తారమ్మా. తులసి అని వేద్దాం. నీకేంది నష్టం?"

ఆమె "సరే సార్" అంది. వాళ్ల నాన్న ఇస్మాయిల్ స్టవ్‌లు బాగుచేస్తాడు. కూతురి వార్తలు వస్తాయని తెలిసీ వారం రోజులు టీవీ పెట్టలేదు. ఎనిమిదో రోజు పెట్టి, "బాగానే చదివావులే" అన్నాడు. ఒక మనిషి పేరు ఊడబెరికితే అది అన్యాయమని ఆ ఆఫీసులో ఎవరికీ తోచలేదు. ఆమె కూడా ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

మొదట్లో చావు ప్రకటనలు, కరెంటు కోతలు, మిర్చి ధరలు చదివేది. కెమెరా ఆన్ చేసి, పరిగెత్తుకొచ్చి కుర్చీలో కూర్చునేదీ తనే. ఎన్నికలప్పుడు రెండు పార్టీల వాళ్లనీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, "అన్నా, ఇది మీ మీటింగు కాదు. ఉన్నది ఒకటే మైకు, ఒకరి తర్వాత ఒకరు" అని గద్దించి మాట్లాడించింది. దాంతో పేరొచ్చింది. ప్రతి బుధవారం సాయంత్రం ఐదింటికి జనం ఫోన్లు చేసి సమస్యలు చెప్పుకునే కార్యక్రమం ఆమె చేతికిచ్చారు.

అలాంటి కార్యక్రమానికి ఒక పద్ధతుంది. ఫోన్ చేసిన వాళ్లను ముందు పేరు, ఊరు, ఎవరి తాలూకు, ఇల్లెక్కడ అని అడగాలి. తమ ఊరి పేరు టీవీలో వినపడుతుందనే సగం మంది చూస్తారు. అడిగీ అడిగీ తస్లీమ్‌కి అది ఆలోచన లేకుండానే నోటికొచ్చేస్తుంది.

మొన్న బుధవారం బొల్లాపల్లి వైపు పల్లె నుంచి ఒకామె ఫోన్ చేసింది. ఊరి పక్క క్వారీలో వేళాపాళా లేకుండా పేలుస్తున్నారని, గోడలు బీటలిచ్చాయని, ఆదివారం ప్రార్థనలో ఉండగా చర్చి రేకు ఊడిపడిందని చెప్పబోయింది.

"ముందు పేరు, ఊరు చెప్పమ్మా. ఎవరి తాలూకు?"

"గ్రేసమ్మనమ్మా. ఆరోగ్యస్వామి భార్యని. చర్చి పక్కిల్లే మాది." ఊరి పేరూ, తర్వాత క్వారీ సంగతంతా చెప్పింది.

ఆ మాటలు ప్రసారమైపోయాక గానీ తానేం చేసిందో తస్లీమ్‌కి తెలిసిరాలేదు. ముగింపు వాక్యం రెండుసార్లు తప్పు చదివింది.

మెట్లు దిగుతుంటే తెలియని నంబరు నుంచి ఫోన్.

"తస్లీమ్ గారేనా?"

చానల్ చూసేవాళ్లెవరూ ఆమెను ఆ పేరుతో పిలవరు.

"గ్రేసమ్మ ఇల్లు చెప్పి మంచి పని చేశారు. మాకు వెతుక్కునే పని తప్పింది. మీ నాన్న ఇంకా మార్కెట్ దగ్గరే కదా స్టవ్‌లు చేసేది?"

అతను తిట్టలేదు, గొంతు పెంచలేదు. తిట్టినా బాగుండేదనిపించింది. వెనక్కి పైకెక్కి, తెల్లారి వేసే రిపీట్ ఆపమని యజమానిని బతిమాలింది.

"ఆ ముక్క కోసేసి వేస్తాలే తులసమ్మా," అన్నాడు కోటేశ్వరరావు. "అయినా వినాల్సినోళ్లు వినేశారుగా."

మర్నాడు ఆమె ఆ ఊరికి బస్సెక్కింది. బస్సును దాటిన ప్రతి బైకు వైపూ చూసింది. గ్రేసమ్మ అరుగు మీద మిరపకాయలు ఏరుతోంది. గడప మీద చుట్టగా చుట్టిన వైరు ఉంది.

"ఇదేంది పిన్నీ?"

"క్వారీలో రాళ్లు పేల్చే తూటాకి కట్టే వైరు. పొద్దున ఇద్దరొచ్చి పెట్టిపోయారు. ఏమీ అనలా. మంచినీళ్లడిగి తాగి పోయారు."

"నా వల్లే. నేనడక్కపోతే..."

"నువ్వడిగావు, నేను చెప్పా. నాకు మాత్రం బుద్ధుండొద్దా? టీవీలో కనపడాలని సరదా పుట్టిందా అని మా ఆయన తిడతన్నాడు. కనపడలేదయ్యా, వినపడ్డానంతే అన్నా." నవ్వబోయింది గానీ మంచి కాయల్ని కూడా తాలు కుప్పలో వేస్తోంది.

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వాలని పదిహేడు ఇళ్లవాళ్లు అనుకున్నారు. ఆ వైరు చూశాక గ్రేసమ్మ ఒక్కతే మిగిలింది. కెమెరాతో ఆమె పక్కన నిలబడతానని తస్లీమ్ మాటిచ్చింది. ఇచ్చిన దగ్గర్నుంచీ ఇంటి ముందు బండి ఆగితే నాన్న ఎక్కడున్నాడో చూసుకుంటోంది. రాలేనని చెప్పడానికి రెండుసార్లు ఫోన్ తీసి, మళ్లీ పెట్టేసింది.

గ్రేసమ్మ పేరు ఇక్కడ రాయకూడదనే ఈ పిలుపు రాస్తున్న మేం అనుకున్నాం. ఆమే రాయమంది. "ఆళ్లకెట్టాగూ తెలిసిపోయింది. పదిమందికీ తెలిస్తేనే నాకు మేలు."

కాబట్టి సోమవారం ఉదయం పదింటికి నరసరావుపేట కలెక్టరేట్‌లో అర్జీల వరుసలోకి రండి. నినాదాలు అక్కర్లేదు. మీ ఊళ్లోనూ క్వారీ ఉంటే మీ అర్జీ తెచ్చుకోండి, లేదంటే ఉత్త చేతులతోనే రండి. భయమేస్తే ఇంకొకరిని వెంటబెట్టుకుని రండి. ఆ ఇద్దరు ఆడవాళ్లకు ముందు నలుగురు, వెనక నలుగురు మనుషులు నిలబడాలి.