వాన పాటలో నా వంతు

నిన్న మధ్యాహ్నం యాప్రాల్‌లో వాన పట్టుకుంది. నా మనవరాలు బాల్కనీ గ్రిల్లు పట్టుకుని, వానను ఇప్పుడు పోయి ఇంకో రోజు రమ్మనే ఆ ఇంగ్లీషు పాట అందుకుంది. చివర్లో ఆడుకుంటానని మారాం చేసే పిల్లాడి పేరు వస్తుంది కదా, అక్కడ ఫోనులో విన్న దొర పిల్లాడి పేరే పెట్టింది. లోపల మంచం మీదున్న మా అమ్మ తల తిప్పింది. నెలల తరబడి ఏ పిలుపుకూ తిరగని తల అది.

నా చిన్నప్పుడు అమ్మ రెజిమెంటల్ బజార్ దగ్గర ఓ చిన్న బడిలో ఒకటో తరగతి టీచరు. నేనూ ఆ క్లాసే. బడిలో "అమ్మా" అంటే పలికేది కాదు, "టీచర్" అనాల్సిందే. వానాకాలం పెంకుల కప్పు కారేది. బెంచీలన్నీ ఓ మూలకు జరిపి, తడి యూనిఫారాల వాసనలో ఒకరినొకరు ఆనుకుని కూర్చునేవాళ్లం. ఆ పూట పాఠం లేదు, పాటే. అమ్మ ఆ దొర పిల్లాణ్ణి తీసేసి ఒక్కోసారి ఒక్కొక్కరి పేరు పెట్టి పాడేది. పేరొచ్చినవాళ్లు లేచి, కిటికీ వైపు చెయ్యి ఊపి వానను సాగనంపాలి. వాన మమ్మల్ని ఏనాడూ ఖాతరు చేయలేదనుకోండి. అందరికంటే చివర నా వంతు. "జెర ఆగు. ఇంటి పిల్లవు, నీది ఆఖర్ల పాడ్త" అనేది. సొంత కూతుర్ని ముందు పిలిచిందని ఎవరూ అనకూడదని ఆమె పంతం. చాలాసార్లు నా దాకా రాకముందే గంట కొట్టేసేవారు. నేను మూతి ముడుచుకుని నడుస్తుంటే, ఇంటి దారిలో గొడుగు కింద నా ఒక్కదాని కోసం నా పేరుతో పాడేది. ఆ పాట కోసం గంట తొందరగా కొడితే బాగుండునని కూడా అనుకునేదాన్ని.

అమ్మ నన్ను గుర్తుపట్టడం మానేసి చాలా కాలమైంది. ఇక ఆశ పెట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. అయినా మనసు ఊరుకుంటుందా? పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని పాట ఎత్తుకున్నాను. అమ్మ అందుకుంది. బేకరీవాళ్ల అబ్బాయి, పాస్టరుగారి కవలలు, తిరుమలగిరి నుంచి మిలిటరీ ట్రక్కులో వచ్చే అమ్మాయి, ఆనాటి క్లాసు పిల్లలందరినీ పేరుపేరునా వరసగా లేపింది. తల నెరిసిన నేను నా వంతు కోసం కాచుకు కూర్చున్నాను. ఇక మిగిలింది నేనే. అమ్మ ఆగిపోయింది.

"ఇంకొకరు ఉన్నరు టీచర్" అన్నాను.

అమ్మ నా చెయ్యి నిమిరింది. "లేరు బిడ్డా, అందరు అయిపోయిన్రు. వాన తగ్గినంక మీ అమ్మొచ్చి తీస్కపోతది. జెర కూసో."

కూర్చున్నాను. వాన తగ్గింది. మనవరాలు తన పాటే గెలిచిందని చప్పట్లు కొట్టింది. అప్పట్లో నా వంతు రాకుండా గంట కొడితే ఇంటి దారి ఒకటుండేది, ఇన్నేళ్లకు కొట్టిన ఈ గంట తర్వాత అదీ లేదు.