ఎడమ తలుపు

"కారు కడగడానికి నేను తొడిగిన ఉంగరం తీసేస్తారా?" అని ట్యాక్సీ డ్రైవరును భార్య ఒకనాడు నిలదీసింది. "గీతలు పడవూ మరి?" అన్నాడాయన. ఆమె పోయినా ఆ అలవాటు పోలేదు. ముందు నీళ్లు ధారగా వదిలి దుమ్మంతా జారనిస్తాడు; తర్వాతే మెత్తటి గుడ్డను తిన్నగా లాగుతాడు, సుడులు తిప్పడు. నేలమీద పడిన గుడ్డను మళ్లీ కారుకు ఆనించడు.

మొన్న పాలిష్ పెట్టేవాడు ఎడమ తలుపు మీది గుండ్రటి సన్నగీతలు చూసి నవ్వాడు. "ఇదేంటి బాబాయ్, గిన్నె తోమినట్టు తోమావు?"

"నేను కాదురా, మీ పిన్ని. నాకు జ్వరమొస్తే, సాయం చేద్దామని గిన్నెల పీచుతో రుద్దింది. ఆ రోజు నా అరుపులకి వీధంతా బయటికొచ్చింది."

"మిషను పెడితే క్షణంలో పోతాయిలే."

"చెయ్యి తియ్యి! ఆ తలుపు ముట్టుకోకు."

ఆ తలుపుకు పని చేయలేదు కనుక కూలి తగ్గించమని ఆయన సాయంత్రందాకా బేరమాడాడు. పాలిష్ పెట్టేవాడు ఒప్పుకోలేదు. ఆయన మిగతాదంతా ఇచ్చాడు; ఒక తలుపు కూలి మాత్రం ఇంకా బాకీ ఉంది.